పాట ఎత్తే సత్తుగిన్నె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఉంటుంది మరి. నర్సీపట్నంలో జాకెట్లు కుట్టి బతికే మనిషికి ఆపాటి కోపం లేకపోతే, ఇవాళ గుడ్డ ఇచ్చి రేపు పొద్దున్నే పెళ్ళికి కావాలనేవాళ్ళు నెత్తికెక్కి కూర్చుంటారు. కానీ ఒక్క పనిలో మాత్రం నాకు చెప్పలేనంత ఓర్పు ఉండేది. అది పాట ఎత్తడం.

మాది మిషన్ చర్చి. తాతల నాటి నుంచి పాడుకుంటున్న కీర్తనలకి రాగాలుంటాయి. ఆనందభైరవి అనో మోహన అనో పుస్తకంలో పాట నెత్తి మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూటాలకి వాయిద్యాలేవీ ఉండవు. అందరూ చాపల మీద సర్దుకున్నాక పాస్టరు అయ్యగారు "పాట పాడుకుందాం" అంటారు. అప్పుడు ఎవరో ఒకరు మొదటి మాట అందుకోవాలి. మరీ పైన అందుకుంటే చరణం వచ్చేసరికి ముసలమ్మలు నోళ్ళు మూసేస్తారు. మరీ కింద అందుకుంటే అందరూ గొణగడమే అవుతుంది. ఆ గదిలో ఎవరెవరున్నారో చూసుకుని, ఎవరికి దగ్గో ఎవరికి ఆయాసమో గుర్తుపెట్టుకుని, అందరికీ అందే చోట మొదలుపెట్టాలి. జనం అందుకోగానే మన గొంతు తగ్గించేసుకోవాలి. మా పేటలో ఆ పని పెళ్ళికాక ముందు నుంచీ నాదే. మా నాన్నకి అన్న భార్య, మా పెద్దమ్మ, పక్కన కూర్చుని మోచేత్తో పొడిచేది. "ఎత్తవే, సూత్తావేటి?" అనేది. నేను ఎత్తేదాన్ని.

అన్నిటికంటే కష్టమైనవి ఆదరణ కూటాలు. మనిషి పోయిన మూడో రోజున ఆ ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టుకునే కూటం అది. అక్కడ పాట ఎందుకు పాడతారో నాకు ఎవరూ చెప్పలేదు, చూసి తెలుసుకున్నాను. నలుగురి మధ్యలో మామూలుగా ఏడిస్తే అందరూ తిరిగి చూస్తారు. ఒకరు నీళ్ళు తెస్తారు, ఒకరు వీపు నిమురుతారు, ఒకరు "ఊరుకోమ్మా" అంటారు. పాట సాగుతుండగా ఏడిస్తే ఎవరికీ వినపడదు. ఆ ఇంటి మనిషి కొంగు నోటికడ్డం పెట్టుకుని కడుపారా ఏడ్చేదాకా నేను చరణాల మీద చరణాలు లాగేదాన్ని. ఆ మనిషి తేరుకుని ముక్కు తుడుచుకున్నాకే ఆపేదాన్ని.

ఆ తర్వాత నా గొంతు పోయింది. థైరాయిడ్ గడ్డకి వైజాగులో ఆపరేషన్ చేశారు. గడ్డ మంచిగానే తీశారు, ప్రాణానికేమీ కాలేదు, ఎవరి తప్పూ లేదు. మాటకి సంబంధించిన నరం గడ్డకి అంటుకుపోయి ఉందని ముందే చెప్పారు. ఇంటికొచ్చాక మాట వచ్చింది గానీ పాట రాలేదు. నోరు తెరిస్తే గాలి, మధ్యలో ఒక బొంగురు జీర. మా ఆయన షేరాటో నడుపుతాడు, నాతవరం రోడ్డు మీద. ఆయనకి దేన్నైనా వెటకారం చెయ్యందే నిద్ర పట్టదు. "పోన్లే, తిట్టడానికి సరిపోతాది గదా గొంతు" అన్నాడు. ఆ రోజు ఆయనకి అన్నం పెట్టలేదు. ఆయన కూడా అడగలేదు, తనే పెట్టుకుని తిని, నాకూ కంచంలో పెట్టి పక్కన కూర్చున్నాడు.

అది జరిగిన కొన్నాళ్ళకే కృష్ణదేవిపేటలో మా బావ పోయాడు. మా అప్ప మొగుడు. అప్పంటే నాకంటే పెద్దది, అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. బావ ఉదయం పొలానికి నీరు కట్టడానికి వెళ్ళి గట్టు మీదే కూర్చుండిపోయాడట. ఊరందరి ఇళ్ళల్లో పాట ఎత్తినదాన్ని, మా అప్ప ఇంట్లో ఆదరణ కూటానికి మూగదానిలా కూర్చున్నాను. సంఘం యువకులు కీబోర్డు తెచ్చారు. పాపం, మంచి మనసుతోనే తెచ్చారు. కానీ పాట ఎక్కడో మేడ మీద మొదలైంది. దానికితోడు డబ్బాలోంచి డప్పు చప్పుడు. మా పెద్దమ్మ మొదటి వరసలో ఒకసారి నోరు తెరిచి, అందక మూసేసింది. తక్కిన ఆడవాళ్ళూ అంతే. పాట కీబోర్డుదీ మైకుదీ అయిపోయింది. అప్ప గోడకి ఆనుకుని పొడి కళ్ళతో కూర్చుంది. ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు.

జనం ఊరుకుంటారా? ఆవిడకి గుండె రాయి అన్నారు. మొగుడంటే ఇష్టం లేదేమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట నా ఎదురుగా అనుంటే వాళ్ళ జాకెట్లకి చేతులు కుట్టకుండా ఇచ్చేదాన్ని. అప్ప మాత్రం ఒక రోజు ఫోన్‌లో నెమ్మదిగా చెప్పింది.

"ఏడుపు రాట్లేదే. గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోతంది. ఒక్కదాన్నీ కూసుని ఏడుద్దామంటే బయమేత్తంది, ఆగదేమోనని. జనంలో ఏడుద్దామంటే సిగ్గు."

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"బావ సంవత్సరం కూటానికి నువ్వే పాట ఎత్తాల. ఎలాగెత్తుతావో నాకు తెల్దు" అంది.

నా గొంతు సంగతి తెలిసి కూడా అడిగింది. అప్ప నన్ను అంతకుముందు ఏదీ అడగలేదు. అన్నీ పెట్టిందే గానీ. ఫోన్ పెట్టేశాక మిషను ముందు కూర్చుని ఒక్క కుట్టు కూడా వెయ్యలేకపోయాను.

గొంతు లేదు కాబట్టి గొంతులాంటిది ఇంకొకటి కావాలి. అలా మొదలైంది నా వెతుకులాట. కీబోర్డు వద్దనుకున్నాను, దాని మెట్ల మీద స్వరాలు గడపలు దాటినట్టు దూకుతాయి తప్ప జారవు. ఆనందభైరవి జారకపోతే అది ఆనందభైరవే కాదు. వీణ అనుకుంటే, దాన్ని షేరాటోలో ఎక్కడ పెట్టను? వయొలిన్ కొన్నాళ్ళు అద్దెకి తెచ్చుకున్నాను. పగలంతా మిషను మీద వంగి వంగి నా కుడి భుజం ఎప్పుడో అరిగిపోయింది. కమాను ఎత్తగానే ప్రాణం పోయేది. పైగా నేను లాగుతుంటే ఎదురింటి కుక్క ఏడ్చేది. మా ఆయన దాన్ని చూసి, "అదొక్కతే నీ పాటకి ఏడిసింది" అన్నాడు.

తర్వాత ఆయనే ఒక సాయంత్రం ఫోన్‌లో ఏదో వీడియో పెట్టి నా ముందు ఉంచాడు. ఒక అరబ్బు పెద్దాయన బానపొట్ట వాయిద్యం ఒడిలో పెట్టుకుని వాయిస్తున్నాడు. దాన్ని ఊద్ అంటారట. మెడ మీద వీణకున్నట్టు మెట్లు లేవు. ఆయన వేలు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జారుతుంటే స్వరం కూడా దాంతోపాటే జారింది. నాకు ఒళ్ళు జలదరించింది. భాష తెలియదు, ఆ రాగం పేరు తెలియదు. కానీ అది మనిషి గొంతులా నడిచింది.

"ఇదే కావాలి" అన్నాను.

"ఎక్కడ దొరుకుతాదే తల్లీ? ఎడారికెల్లాల" అన్నాడు.

ఎడారికి వెళ్ళలేదు, వైజాగ్ వెళ్ళాం. అక్కడ వాయిద్యాలమ్మే దుకాణంలో అడిగితే యజమాని నవ్వాడు. ఊద్ తన దగ్గర లేదట. తెప్పించినా మీకు పనికిరాదండీ అన్నాడు. దానికుండేవి మెత్తటి నైలాను తీగలు, పల్చటి చెక్క, సముద్రపు గాలికి అతుకులు విడిపోతాయన్నాడు. "శబ్దం కూడా మెత్తగా ఉంటుంది. ఒక్కరే కూర్చుని వాయించుకోవాలి. మీ చర్చిలో ఫ్యాన్లు తిరిగితే చాలు, వినపడదు" అన్నాడు. నా మొహం చూసి జాలేసిందో ఏమో, లోపలికి వెళ్ళి ఒక నల్లటి పెట్టె తెచ్చాడు. ఓడ మీద పనిచేసే ఎవరో అమ్ముకుని పోయిందట. ఎన్నాళ్ళ నుంచో ఎవరూ అడగలేదట.

పెట్టె తెరిచాక మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. అది అచ్చంగా సత్తుగిన్నె. గంజి వార్చుకునే లోతు గిన్నె, దాని మూతికి తెల్లటి ప్లాస్టిక్ పొర బిగించి, ఒక పక్క నుంచి చెక్క మెడ తగిలించారు. ఊద్ చూసి టర్కీ వాళ్ళు చేసుకున్నదట ఇది. మెడ మీద మెట్లు లేవు, ఊద్‌కి లాగే. తీగలు మాత్రం స్టీలువి, జతలు జతలుగా. ఒక మర తిప్పితే మెడ ఊడి చేతికొస్తుంది, రెండు ముక్కలు చేసి సంచిలో పడేసుకోవచ్చు.

"మీటి చూడండి" అన్నాడాయన.

మీటాను. ఖంగుమంది. దుకాణం ముందు నిలబడ్డ మనిషి వెనక్కి తిరిగి చూశాడు. వేలు జార్చాను, స్వరం జారింది. కానీ అంత గట్టిగా మోగిన మోత అంతలోనే చచ్చిపోయింది. మళ్ళీ మీటాను. మళ్ళీ అంతే, ఖంగుమని మొదలై టక్కున ఆగిపోయింది.

"ఇదేంటండీ, సాగదేం?" అన్నాను.

"సాగదండీ. దీని స్వభావం అంతే. గబగబా మీటుతూ ఉంటే సాగినట్టు వినపడుతుంది" అని, తీగ మీటే ప్లాస్టిక్ ముల్లుతో అదే తీగని పైకీ కిందికీ ఝుమ్మని కదిపి చూపించాడు. గాలి ఊదినట్టు నిండుగా వినపడింది. అది చూసి నా మనసు కుదుటపడింది. ఊద్ వద్దనుకుని దీన్ని పట్టుకోవడానికి నాకు కనిపించిన కారణాలు రెండే, జారుతుంది, గట్టిగా మోగుతుంది. ఆగిపోవడాన్ని నేను లోపం కిందే లెక్క కట్టాను.

బస్సులో నర్సీపట్నం వస్తున్నంతసేపూ మెడ ఊడదీసిన గిన్నె నా ఒళ్ళోనే ఉంది. పక్క సీటావిడ, "సత్తువి ఇప్పుడెవులు కొంటన్నారమ్మా, వొంటికి మంచిది కాదంట" అని బుద్ధి చెప్పింది. ఆవిడకేం చెప్పను, తలూపాను.

నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. గురువంటే నాకు తెలిసిన పాటలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక దుకాణానికి ఎవరూ రారు, ఆ వేళలో మిషను పక్కన బల్ల మీద కూర్చునేదాన్ని. మెడ మీద మెట్లు లేవు కదా, ఎక్కడ నొక్కితే ఏ స్వరమో తెలిసేదెలా? కొలతలు తీసే మనిషిని నేను. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, స్వరం దొరికిన చోటల్లా మెడ మీద గీత పెట్టాను. నా చేతి చెమటకి సాయంత్రానికి గీతలన్నీ చెరిగిపోయేవి. మర్నాడు మళ్ళీ వెతికి మళ్ళీ గీసేదాన్ని. వెతికి వెతికి ఒకరోజు గియ్యడం మర్చిపోయి వాయించేశాను, అంతటితో సుద్ద అవసరం తీరిపోయింది.

తీగలు శ్రుతి చెయ్యడం ఇంకో బాధ. జతలో రెండు తీగలూ ఒకేలా పలకాలి. ఒకదాన్ని మంచి చేసుకుంటే దాని జోడీ అలిగేది. దాన్ని బతిమాలేసరికి మొదటిది దిగజారేది. నన్నూ మా ఆయన్నీ చూసినట్టే ఉండేది. స్టీలు తీగలు సూదికి అలవాటైన నా వేళ్ళని కూడా కోసేశాయి. పసుపు పెట్టుకుని మళ్ళీ కూర్చునేదాన్ని. ముల్లు ఒకటి పోతే పాత ఏటీఎం కార్డు సన్నగా కత్తిరించి, అంచులు నున్నగా రుద్దుకున్నాను. మీటడానికి అదే హాయిగా ఉంది. మా ఆయన రోజూ ఇంటికొచ్చి అనేవాడు. "అంట్లల్లో కలిపీసేవు, సూసుకో. ఏదో రోజు అందులో పప్పు తాలింపెట్టేత్తావు." అంటూనే తలుపు దగ్గర నిలబడి పాట అయ్యేదాకా వినేవాడు.

నిజం చెప్పొద్దూ, నాకు బాగా వచ్చేసింది. ఖాళీ అన్నది లేకుండా గబగబా మీటి నింపడం వచ్చింది, గమకాలు వచ్చాయి. గొంతున్నప్పుడు నేను పలికించలేని జారుళ్ళు కూడా వేలితో పలికాయి. ఎంత గర్వపడ్డానో! పోయిన గొంతు ఇంతకింత అయి వచ్చిందని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

చర్చిలో గురువారం స్త్రీల సమాజం కూడికలో మొదటిసారి వాయించాను. అప్ప ఆ రోజు ఆసుపత్రి పని మీద నర్సీపట్నం వచ్చి ఉంది, తనూ కూర్చుంది. ఎవరికీ ఇబ్బంది లేకుండా కింది శ్రుతిలోనే మొదలుపెట్టాను. పల్లవి అందరూ అందుకుంటారని చూశాను. ఎవరూ అందుకోలేదు. కళ్ళార్పకుండా నన్నే చూస్తున్నారు. ఇద్దరు ఫోన్లు పైకెత్తారు. సరే, చరణంలో అందుకుంటారులే అని ఇంకా బాగా వాయించాను. అయిపోగానే చప్పట్లు కొట్టారు. అయ్యగారి భార్య వచ్చి చేతులు పట్టుకుంది. మా పెద్దమ్మ, "టీవీలో వచ్చినట్టే ఉందే, ఒలమ్మా!" అంది.

నేను పొంగిపోయాను. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ అప్పని అడిగాను ఎలా ఉందని.

"శానా బాగుందే. సినేమా సూసినట్టు కూసుండిపోనాను" అంది. తనూ చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "బావ మాట ఒక్క పాలి కూడా గుర్తుకు రానేదు" అంది. మెచ్చుకోలుగానే అంది, పిచ్చిది.

అప్పుడు తెలిసింది నాకు. నేను ఎత్తింది పాట కాదు. ఎవరూ పాడనప్పుడు అది ఎత్తడం ఎలా అవుతుంది? ఆ ముందు వరసలో కూర్చుని ఎవరైనా ఏడవాలనుకున్నా, అంత నిశ్శబ్దంలో ఊపిరి పీల్చుకోవడానికి కూడా భయపడతారు. నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఇంటికొచ్చి ఆ గిన్నెని పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాను.

మళ్ళీ తీశాను, తియ్యక ఏం చేస్తాను, సంవత్సరం కూటం దగ్గర పడుతోంది. తర్వాత కూడికల్లో మెల్లగా వాయించి చూశాను. ఇంకా శ్రద్ధగా విన్నారు. "పాడండే బాబూ, మీ కోసమే గదా" అని బతిమాలాను. మా పెద్దమ్మ సిగ్గుపడిపోయింది.

"నువ్వంత బాగా వాయిత్తంటే మజ్జిలో మా బొంగురు గొంతులెందుకే? పాడయిపోద్ది" అంది.

ఒక పక్క అందరూ మెచ్చుకుంటుంటే ఇంకో పక్క నేను సంవత్సరం కూటానికి రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. ఎక్కడ తప్పు జరుగుతోందో తెలుసు, దిద్దుకోవడం ఎలాగో తెలియదు. తక్కువగా వాయించాలని కూర్చునేదాన్ని. తీగ ఆగిపోగానే ఆ ఖాళీ చూసి భయం వేసి, చెయ్యి తనంతట తనే గబగబా మీటేసేది.

బావ పోయి సంవత్సరమైన రోజున మా ఆయన ఆటోలోనే బయల్దేరాం. నేను, పెద్దమ్మ, సమాజం ఆడవాళ్ళు కొందరు, ముందు సీట్లో ఆయన పక్కన అయ్యగారు. గొలుగొండ దాటాక వరి ఊడ్పులు అయిన పొలాలు రెండు పక్కలా పచ్చగా ఉన్నాయి. అయ్యగారు వెనక్కి తిరిగి నా సంచి చూశారు. ఆయన ఈ మధ్యే మా సంఘానికి బదిలీ మీద వచ్చారు, ఏ పనైనా పద్ధతిగా జరగాలంటారు.

"అమ్మా, ఈ వాయిద్యానికి ప్రతిష్ఠ జరిగిందా?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను.

"అయ్యో, ప్రతిష్ఠ చేయకుండా ఇన్నాళ్ళూ దేవుని మందిరంలో వాయించావా? సరే, ఇవాళ చేసేద్దాం."

మాలో అది మామూలే. కొత్త ఆటో కొన్నా, మిషను కొన్నా, ఇల్లు కట్టుకున్నా అయ్యగారొచ్చి ప్రార్థన చేస్తారు. ప్రార్థనేగా అనుకుని తలూపాను.

అప్ప ఇంటి వసారాలో చాపలు పరిచారు. బావ ఫోటో కుర్చీలో పెట్టి దండ వేశారు. అప్ప నా పక్కనే, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. మొహం ఏడాది కిందట ఎలా ఉందో అలాగే పొడిగా ఉంది. నా చెవి దగ్గర, "బేగి ఎత్తు" అంది అంతే.

అయ్యగారు లేచారు. గిన్నెని బల్ల మీద పెట్టించి, సంచిలోంచి చిన్న సీసా తీశారు. నాకు అప్పుడు వెలిగింది. "అయ్యగారూ!" అనబోయేలోపే ఆయన అరచేతిలో కొబ్బరినూనె వొంపుకుని, కళ్ళు మూసుకుని, మెడ మీది మరల దగ్గర నుంచి గిన్నె దాకా తీగల పొడవునా నిండుగా రాశారు. తక్కువ రాస్తే దీవెన తగ్గుతుందనుకున్నారో ఏమో, రెండోసారి కూడా రాశారు. ప్రార్థన సాగుతోంది, అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం కళ్ళు తెరుచుకుని, తీగల మీంచి నూనె చుక్క చుక్కగా కారి తెల్ల పొర మీద పడటం చూస్తున్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

"ఇప్పుడు పాట పాడుకుందాం" అన్నారు అయ్యగారు తృప్తిగా.

పైటకొంగుతో తుడిచాను. జతల మధ్య దూరిన నూనె తుడిస్తే పోతుందా? మీటాను. ఖంగుమనాల్సింది మూట కిందపడ్డట్టు ధబ్ మంది. వేలు జార్చబోతే నేనాపిన చోట ఆగదు, సర్రున దాటిపోతోంది. గబగబా మీటబోతే ఏటీఎం కార్డు ముక్క వేళ్ళ మధ్య నుంచి తప్పించుకుంటోంది. ఇన్ని నెలలు నేర్చుకున్నదంతా ఒక సీసా నూనెతో పోయింది. అప్ప అడిగిన ఒక్కటీ ఇవ్వలేకపోతున్నాననే దిగులుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏ గమకమూ లేకుండా, పసిపిల్లలు అక్షరాలు దిద్దినట్టు, మాటకొక్క మీటు చొప్పున పల్లవి మొదటి వరస వాయించాను. ఒక మీటుకీ ఇంకో మీటుకీ మధ్య అంతా ఖాళీ. రెండో వరసలో మొదటి స్వరం పట్టుకుంటే అది కూడా జారిపోయి తప్పు పలికింది. చెయ్యి ఆపేశాను.

"ఓలమ్మ, అలాగ కాదే" అంది పెద్దమ్మ. అని, నాకు చెప్పడానికన్నట్టు రెండో వరస తనే పాడింది. బొంగురుగా, గట్టిగా పాడింది. ఆ పక్కావిడ కలిసింది. వెనక గోడ దగ్గర కూర్చున్న మగవాళ్ళు కింది నుంచి అందుకున్నారు. నేనున్నది సరైన శ్రుతే, అందరికీ అందే చోటే మొదలుపెట్టాను. ఇప్పుడు నా చెయ్యి అడ్డం లేదు. వసారా అంతా పాట అయిపోయింది. ఒక గొంతు ముందు, ఒక గొంతు వెనక, ఒకరు రాగం తప్పి, ఒకరు మాట తప్పి. నావైపు ఎవరూ చూడటం లేదు. నేను వాయించడం లేదన్న సంగతి ఎవరికీ తెలియనే లేదు.

రెండో చరణం సగంలో ఉండగా నా భుజానికి ఏదో వణుకు తగిలింది. తిరిగి చూడలేదు. చూస్తే అందరూ చూస్తారని నాకు తెలుసు. అప్ప తల కొంచెం కొంచెంగా ఒరిగి నా చెయ్యి మీద వాలింది. కొంగు నోట్లో కుక్కుకుంది. వేడిగా నా మోచెయ్యి తడిసింది. ఎంత పెద్దగా ఏడుస్తోందో నా ఎముకలకి తెలుస్తోంది, కానీ ఆ పాటలో నా చెవికే వినపడటం లేదు.

ఉన్న చరణాలన్నీ అయిపోయాయి. పల్లవి చివరిసారి పాడేసి జనం ఊపిరి తీసుకుంటున్నారు. అయ్యగారు బైబిలు అందుకున్నారు. అప్ప ఇంకా వణుకుతోంది. ఒక్క క్షణం ఆలస్యమైతే అందరికీ వినపడిపోతుంది. నేను ముల్లు పట్టుకుని మొదటి చరణం మొదటి స్వరం ధబ్ మని మీటాను.

అయ్యగారు నావైపు ఆశ్చర్యంగా చూశారు. పాట మళ్ళీ మొదటికి రావడమేమిటన్నట్టు పెద్దమ్మ కూడా తల తిప్పింది. నా మొహం చూసింది, నా చేతి మీద ఉన్న తల చూసింది. చప్పున మొహం పక్కకి తిప్పుకుని, అంతకుముందుకంటే గట్టిగా మొదటి చరణం అందుకుంది. మళ్ళీ అందరూ పాడారు. చరణం అవగానే నేను తర్వాతి చరణానికి ఒక్క స్వరం మీటి చెయ్యి తీసేసేదాన్ని, మిగతాది వాళ్ళే చూసుకునేవాళ్ళు. అన్నీ అయిపోతే మళ్ళీ మొదలుపెట్టాను. అయ్యగారు బైబిలు మూసి ఒళ్ళో పెట్టుకుని, ఆయన కూడా పాడటం మొదలుపెట్టారు.

అలా ఎంతసేపు తిప్పానో నాకు తెలియదు. చివరికి అప్ప తల ఎత్తింది. కొంగుతో మొహం తుడుచుకుని, ముక్కు చీదుకుని, నూనె కారుతున్న గిన్నె మీద చెయ్యి వేసింది.

"సాల్లేవే, ఇంక ఆపు" అంది.